రూట్ పాస్‌వర్డ్ నలుగురి చేతిలో ఉంటే

నేనుండేది పర్లాకిమిడిలో. నేను చూసుకునే డెబియన్ (ఒకరకం లినక్స్) సర్వర్ మాత్రం కాశీనగర్‌లో ఒక రైస్‌మిల్లులో ఉంది. ధాన్యం లెక్కలన్నీ దాంట్లోనే. ఆ పని నాకు అప్పగించేనాటికి దాని రూట్ (అన్ని అధికారాలూ ఉండే ఖాతా) పాస్‌వర్డ్ గుమాస్తాకీ తెలుసు, బిల్లింగ్ ప్రోగ్రాం పెట్టిన కుర్రాడికీ తెలుసు, యజమాని అల్లుడికీ తెలుసు. ఒక ఫైలు పోతే ఎవరు తీసేశారో లాగ్ వెతికినా దొరకదు, అందరూ రూటే కదా.

అందుకే ముందు మనిషికో ఖాతా తెరవండి. నిర్వాహకుణ్ణి మాత్రమే, రూట్ అధికారంతో కమాండ్లు నడపనిచ్చే సుడో గ్రూపులో చేర్చండి (ఫెడోరా అనే మరో లినక్స్‌లో దాని పేరు వీల్). బిల్లింగ్ కుర్రాడికి తన సర్వీసు రీస్టార్ట్ చేసుకునే ఒక్క కమాండ్ చాలు. అదొక్కటే, సుడో నియమాలు దిద్దే విసుడోతో రాసివ్వండి. తప్పు రాస్తే సేవ్ అయ్యేలోపే అది పట్టేస్తుంది.

తర్వాత, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కోసం మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 రకం కీ జత (ఒకటి పబ్లిక్, ఒకటి ప్రైవేట్) చేసుకోండి, పాస్‌ఫ్రేజ్ తప్పకుండా పెట్టండి. పబ్లిక్ కీని ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ సర్వర్‌కు చేరుస్తుంది. ప్రైవేట్ కీని వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, సొంత తమ్ముడికైనా సరే.

ఇప్పుడు అసలు పని. రూట్ లాగిన్ వద్దు, పాస్‌వర్డ్ వద్దు, కీబోర్డ్ ఇంటరాక్టివ్ (పాస్‌వర్డ్‌ను ప్రశ్నలా అడిగే మరో దారి) వద్దు: సర్వర్‌లో ఈ లాగిన్లు చూసే ప్రోగ్రాం ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఈ మూడు లైన్లు కావాలి. చాలామంది వీటిని ఫైలు చివర రాసి, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఒకే సెట్టింగ్ రెండుచోట్ల ఉంటే ఎస్‌ఎస్‌హెచ్‌డీ మొదట కనిపించినదాన్నే తీసుకుంటుంది. ఇప్పటి డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్.డి ఫోల్డర్‌లోని ఫైళ్లను ముందే చదువుతుంది. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్లలో అక్కడ 50తో మొదలయ్యే ఫైలు ఒకటి పాస్‌వర్డ్‌కు సరే అని రాసిపెట్టి ఉండొచ్చు. కాబట్టి మీ మూడు లైన్లనూ అదే ఫోల్డర్‌లో 01తో మొదలయ్యే పేరున్న ఫైలులో పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్‌డీని చిన్న టీతో (-t) నడిపితే అక్షరదోషాలు చెబుతుంది, పెద్ద టీతో (-T) నడిపితే నిజంగా అమలయ్యే సెట్టింగులు చూపిస్తుంది. ఈ రెండోది చూడనిదే నేను ముందుకెళ్లను.

సర్వీసును రీలోడ్ చేశాక ఉన్న సెషన్ మూయకండి. వేరే విండోలో మీ కీతో లాగిన్ అయి సుడో పనిచేస్తోందో లేదో చూడండి. రూట్‌గా ప్రయత్నించండి, ఆ ఒక్కసారికి కీ వాడకుండా పాస్‌వర్డ్‌తోనూ ప్రయత్నించండి. ఈ రెండూ తిరస్కరిస్తేనే పాత విండో మూయండి. లేదంటే కాశీనగర్ బస్సెక్కాల్సిందే.

రూట్ ఖాతాను మాత్రం పూర్తిగా లాక్ చేయకండి. వానాకాలం కరెంటు పోయి డిస్క్ దెబ్బతింటే, రూట్ లాక్ అయి ఉన్న డెబియన్ రెస్క్యూ మోడ్‌లో (మరమ్మతు కోసం తెరిచేది) షెల్, అంటే కమాండ్లు కొట్టే చోటు, ఇవ్వదు. పొడవాటి పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి, కవరు అంటించి యజమాని బీరువాలో పెట్టించండి.

ఎవరైనా పని మానేస్తే వాళ్ల పాస్‌వర్డ్ లాక్ చేస్తే చాలదు, కీతో ఇంకా లోపలికి రాగలరు. సర్వర్‌లో పబ్లిక్ కీలు ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైలులోంచి వాళ్ల కీ తీసేసి, ఖాతా గడువు కూడా ఆరోజే ముగించండి.