చెక్కపై తెలుగు అక్షరాలు – 4వ పాఠం: ఊడిపోయిన సున్నాలు

అసలైతే ఈసారి గుడి, కొమ్ము చెక్కాల్సింది. అవి వచ్చే పాఠంలో చూద్దాం. పోయినసారి 'ఆనంద నిలయం' చెక్కమంటే, చాలామంది పలకల్లో రెండు సున్నాల్లోనూ నడిమధ్య ఉండాల్సిన గుండ్రటి బొడిపె ఊడొచ్చింది. తప్పు టేకుది కాదు, మీ చేతిదీ కాదు. 'చుట్టూ గాడి తీయండి' అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఎటు నుంచి ఎటు కోయాలో చెప్పలేదు.

ఉలి పదును సంగతి మళ్లీ చెప్పను.

పలకలో నార (చెక్క పోగుల వరస) అడ్డంగా ఉంటుంది కదా, సున్నాను గడియారం అనుకోండి. గాడికి బయటి గోడను 3 నుంచి 12కి, 3 నుంచి 6కి కోయండి. 9 వైపూ అంతే. లోపలి గోడ దీనికి తిరగేసి: 12 దగ్గర, 6 దగ్గర మొదలుపెట్టి 3, 9 దగ్గర ఆపాలి. అప్పుడు ఉలి ముందు నార చీలినా ఆ చీలిక గాడిలోకే పోతుంది. ఒకే ఊపులో చుట్టూ తిప్పితే సగం దూరం నారకు ఎదురెళ్లినట్టే.

ఇంకో పొరపాటు ఉంది, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. చపాతీ మీద గిన్నె బోర్లించి పూరీలు కోసినట్టు, వంపు ఉలిని నిలువుగా పెట్టి ఒకేసారి లోతుగా దింపేస్తున్నారు. ఉలి పైకి పోయేకొద్దీ మందం. దిగేకొద్దీ ఆ మందం చెక్కను పక్కకు నెడుతుంది. బయటివైపు పలకంతా ఆసరా ఉంది. లోపల ఉన్నది బొటనవేలి గోరంత ముక్క. దానికి 12 దగ్గరా 6 దగ్గరా నార మరీ పొట్టి, ముందు అక్కడే లేస్తుంది. అందుకే గాడి నడిమి గీత మీద 1 మి.మీ. మాత్రమే దింపండి. రెండు వైపుల నుంచీ ఏటవాలుగా పొట్టు తీయండి. మళ్లీ 1 మి.మీ. దింపండి.

రెండు గోడలూ అడుగున 60 డిగ్రీల కోణంలో కలిసేలా గాడి తీస్తే నీడ బాగా పడుతుంది, కానీ 6 మి.మీ. వెడల్పుకు 5 మి.మీ. పైగా లోతు పోతుంది. సున్నాకు మాత్రం నేను 90 డిగ్రీలే వాడతాను. లోతు 3 మి.మీ. దాటదు, బొడిపె మొదలు గట్టిగా నిలుస్తుంది.

ఊడిన ముక్క దొరికితే నార కలిసేలా ఫెవికాల్‌తో అతికించి, రాత్రంతా ఆరనివ్వండి.

అభ్యాసం: 'కంఠం' అని పన్నెండుసార్లు చెక్కండి. ఆరు నార అడ్డంగా ఉన్న పలక మీద, ఆరు నిలువుగా ఉన్నదాని మీద. నిలువు పలకకు గడియారం అంకెలు మీరే మార్చుకోవాలి. ఠ లోపలి చుక్కను మాత్రం ముందే చెక్కేయండి. చుట్టూ గాడి తీశాక ముట్టుకుంటే ఆ కాస్త చెక్కా లేచిపోతుంది.