మోకాలి నొప్పికి మందు సీటు గొట్టంలో దొరికింది

బ్రెవే అనే సుదూర సైకిల్ యాత్రలో 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలన్నది నియమం. ఆదివారాలు గండిపేట వైపు 40 కిలోమీటర్లు తొక్కడానికే అలవాటుపడిన నేను, దానికి సిద్ధమవుతూ, ఉత్సాహం కొద్దీ ఆ దూరాన్ని ఒక్క నెలలోనే వందకు పెంచాను. మూడో వారానికల్లా, మెట్లు దిగుతున్నప్పుడు కుడి మోకాలి చిప్ప దగ్గర సూదితో గుచ్చినట్లు నొప్పి మొదలైంది. పట్టీ కట్టాను, నూనె రాశాను, ఫలితం లేకపోయింది.

అసలు లోపం సీటు ఎత్తులో ఉంది. సైకిలును గోడకు ఆనించి, రోజూ తొక్కే బూట్లతోనే కూర్చుని, అట్టడుగున ఉన్న పెడల్ మీద మడమ ఆనించి చూస్తే, దాదాపు నిటారుగా ఉండవలసిన కాలు బాగా వంగి ఉంది. సీటు తక్కువైతే ప్రతి తొక్కుకూ మోకాలు మరీ ముడుచుకుని చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. అందుకని వారానికి 5 మిల్లీమీటర్ల చొప్పున మొత్తం 20 పెంచి, గొట్టం మీద నల్ల టేపుతో గుర్తు పెట్టుకున్నాను.

బరువైన గేరులో నిమిషానికి 60 చుట్లు తొక్కడమే బలమని భ్రమపడేవాణ్ణి. తేలిక గేరులో 85కు మారాక, అనంతగిరి ఎక్కుడులో కూడా మోకాలు పేచీ పెట్టలేదు. ఆ తర్వాత వారపు దూరాన్ని ఒక్కసారికి పదోవంతుకు మించి పెంచలేదు. తిండి సులువుగానే కుదిరింది: గంటకొక అరటిపండు, ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు.

బ్రెవేను 12 గంటల 10 నిమిషాల్లో పూర్తి చేశాను. మరునాడు మెట్లు దిగుతుంటే నొప్పి పెట్టినవి తొడలు మాత్రమే.