ఆరు నెలలకోసారి ఎక్కించుకునేదీ మందే: వానాకాలం జ్వరాలకు ముందు ఎం.ఎస్. (మల్టిపుల్ స్క్లిరోసిస్) ఉన్నవారికి జాగ్రత్తలు

పది రోజుల క్రితం ఒక ఓ.పి. చీటీ చూశాను. జ్వరం మూడో రోజు, 101 డిగ్రీలు. వాడుతున్న మందులు అన్నచోట రెండే మాటలు: ఏమీ లేవు. ఆ చీటీ, మా చెల్లెలికి ఎం.ఎస్. మందు రిటుక్సిమాబ్ ఎక్కించే గదిలో పక్క మంచం మీద అదే మందు ఎక్కించుకునే అమ్మాయిది. చివరిసారి ఎక్కించుకుని అప్పటికి నాలుగు నెలలు దాటింది. డాక్టరు అడిగారు, ఆమె ఉన్నదే చెప్పాననుకుంది. రోజూ వేసుకునే మాత్ర ఒక్కటీ లేదు కదా! విషజ్వరమే, తగ్గిపోతుందని పారాసిటమాల్ రాసి పంపారు. అయిదో రోజు రాత్రి న్యుమోనియాతో ఐ.సి.యు.లో చేర్చారు. ఇంకా అక్కడే ఉంది.

ఆ డాక్టరును తప్పుపట్టలేను. ఆయన చేతికి వచ్చిన సమాచారం అంతే.

కాచిన నీళ్లు తాగండి, దోమతెర కట్టుకోండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అవి మీకు తెలిసినవే. మా చెల్లెలికి మల్టిపుల్ స్క్లిరోసిస్ బయటపడి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో నేను చూసిన కుటుంబాలను ముంచిన పొరపాటు ఒకటే. జ్వరం చూసే డాక్టరుకు ఎం.ఎస్. మందు సంగతి చెప్పకపోవడం.

ఎం.ఎస్.లో మన రోగనిరోధక శక్తే దారి తప్పి, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీది పొరను దెబ్బతీస్తుంది. మందు ఆ శక్తిని అణచిపెడుతుంది. అంటే బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడే బలమూ కొంత తగ్గుతుంది. రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్ రక్తంలోని బి కణాలు అనే ఒక రకం తెల్లకణాలను దాదాపుగా తుడిచిపెడతాయి. సీసా కొన్ని గంటల్లో ఖాళీ అవుతుంది. దాని పని మాత్రం ఆరు నెలలు, చాలామందిలో అంతకు మించి సాగుతుంది. కాబట్టి "ఎప్పుడో వేయించుకున్నాను" అనే మాట తప్పు. నాలుగు నెలల క్రితం ఎక్కించుకున్న మందును మీరు ఈ రోజు వాడుతున్నట్లే లెక్క.

ఇంకో చిక్కుంది. క్రిములను పట్టుకునే యాంటీబాడీలను తయారుచేసేది బి కణాల నుంచి వచ్చే కణాలే. డెంగీకి చేసే ఐజీఎం పరీక్ష, టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష వెతికేది ఆ యాంటీబాడీలనే. అవి సరిగా తయారుకాని ఒంట్లో జబ్బు ఉన్నా నెగెటివ్ రావచ్చు. మీరు మందు పేరు చెబితే డాక్టరు యాంటీబాడీలను కాక క్రిమినే వెతికే పరీక్షలు, డెంగీకి మొదటి రోజుల్లోనే ఎన్ఎస్1, టైఫాయిడ్‌కు బ్లడ్ కల్చర్ రాస్తారు. చెప్పకపోతే నెగెటివ్ కాగితం చూసి ఇంటికి పంపిస్తారు.

మాత్రలు వాడేవారిదీ ఇదే కథ. ఫింగోలిమాడ్ వేసుకునేవారు "నరాల మాత్ర" అంటారు. విన్నవారికి అది బలం మాత్రలా వినిపిస్తుంది. ఆ మాత్ర తెల్లకణాల్లో ముఖ్యమైన లింఫోసైట్లను లింఫు గ్రంథుల్లోనే ఆపేస్తుంది. మానేసినా అవి మామూలు స్థాయికి రావడానికి రెండు నెలల దాకా పట్టవచ్చు. అందుకే పేరుతో చెప్పండి. ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ ఇంజెక్షన్లతో ఈ భయం చాలా తక్కువ, అయినా పేరు చెప్పడం మానకండి.

మందు మొదలుపెట్టక ముందైతే కొన్ని పనులు ఇప్పుడే కావాలి. హెపటైటిస్ బి, క్షయ పరీక్షలు చేయించుకోండి. ఒంట్లో నిద్రపోతున్న ఆ రెండూ మందు పడ్డాక లేచి కూర్చోగలవు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో అమ్మను అడగండి, తెలియకపోతే రక్తపరీక్ష ఉంది. టీకాలు మందుకు ముందే వేయించుకోవాలి. తర్వాత వేస్తే సరిగా పట్టవు, బతికున్న క్రిములతో చేసిన టీకాలైతే మందు మీద ఉండగా వేయించుకోకూడదు.

ఎం.ఎస్.కే వాడే మరో మందు నటాలిజుమాబ్ సంగతి వేరు. 2004 నవంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందును 2005 ఫిబ్రవరిలోనే ఆపేశారు. జేసీ వైరస్ వల్ల వచ్చే పీఎంఎల్ అనే మెదడు ఇన్ఫెక్షన్ బయటపడింది. 2006లో కట్టుదిట్టమైన నిఘాతో మళ్లీ అనుమతించారు. మీకు ఈ మందు రాస్తే జేసీ వైరస్ యాంటీబాడీ పరీక్ష ఫలితం అడిగి తెలుసుకోండి. పాజిటివ్ అయి, రెండేళ్లు దాటి వాడుతుంటే ముప్పు పెరుగుతుంది. మాట తడబడటం, మనిషి తీరు మారడం, ఒక పక్క బలహీనత వారాల తరబడి మెల్లగా పెరిగితే రీలాప్స్ (ఎం.ఎస్. తిరగబెట్టడం) అని మీరే తీర్మానించకండి.

రీలాప్స్ అంటే గుర్తొచ్చింది. కాళ్లు ఒక్కసారిగా బరువెక్కితే ముందు మూత్ర పరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఒళ్లు కాస్త వేడెక్కినా పాత లక్షణాలు తిరిగి వస్తాయి. అది తెలియక, రీలాప్స్ అనుకుని స్టెరాయిడ్ ఎక్కిస్తే ఇన్ఫెక్షన్‌కు ఎరువు వేసినట్లే.

ఇక ఇవి వరసగా చదవండి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మూడు రోజులు ఆగడం లేదు. అదే రోజు డాక్టరు.

ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవద్దు. అందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే జ్వరం తగ్గినట్లు కనిపిస్తుంది, జబ్బు లోపల పెరుగుతుంది.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. డెంగీ అయితే రక్తస్రావం.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో అడగండి. రిటుక్సిమాబ్ తర్వాత నెలలు గడిచాక కూడా అవి పడిపోవచ్చు.

అక్కి లేస్తే ఎర్రమన్నుతో రాయించుకుంటూ కూర్చోవద్దు. అక్కికి మందు మూడు రోజుల్లోపే మొదలవ్వాలి.

ఆటలమ్మ పోసిన ఇంటికి వెళ్లవద్దు. వెళ్లి ఉంటే ఈ రోజే న్యూరాలజిస్టుకు ఫోను చేయండి.

పావురాల రెట్ట మీరు ఎత్తవద్దు, అందులోని బూజు మెదడు పొరలకు సోకగలదు. జ్వరంతో వదలని తలనొప్పి వస్తే క్యాజువాలిటీకి.

జ్వరం ఉండగా తర్వాతి డోసు ఎక్కించుకోవద్దు. కానీ భయపడి మందు మీ అంతట మీరు మానవద్దు. ఫింగోలిమాడ్ హఠాత్తుగా ఆపితే ఎం.ఎస్. విరుచుకుపడగలదు.

పర్సులో కార్డు పెట్టుకోండి. మా చెల్లెలి కార్డు మీద ఇంతే ఉంటుంది: "నాకు మల్టిపుల్ స్క్లిరోసిస్. రిటుక్సిమాబ్ మీద ఉన్నాను. చివరి డోసు మార్చి 14. ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ." కింద న్యూరాలజిస్టు నంబరు. డోసు పడ్డ ప్రతిసారీ తేదీ కొట్టేసి కొత్తది రాస్తాం.

"మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే "వాడుతున్నాను" అనండి. అడగకపోయినా చెప్పండి. నర్సుకు చెప్పండి, డ్యూటీ మారాక వచ్చిన డాక్టరుకు మళ్లీ చెప్పండి, చీటీ మీద రాశారో లేదో చూసి గాని లేవకండి.

జ్వరం తీవ్రమైతే జవాబు చెప్పే స్థితిలో మీరు ఉండరు, వెంట వచ్చినవారే చెప్పాలి. మందు పేరు, చివరి డోసు తేదీ మీ ఆయనకు, అత్తగారికి, పదో తరగతి చదివే మీ అబ్బాయికి నోటికి రావాలి. ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరి చేత చెప్పించి చూడండి.