సర్టిఫికెట్‌లోంచి పబ్లిక్ కీ తీయడం: పైథాన్‌లో ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

అవతలి సంస్థ వాళ్లు ఒక సర్టిఫికెట్ ఫైల్ పంపిస్తారు. మేం పంపే డేటా మీద మా సంతకం ఉంటుంది, దీంతో సరిచూసుకోండి అంటారు. చూడ్డానికి నాలుగు లైన్ల కోడ్. కానీ ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటే రెండు రోజులు పోతాయి. ఎర్రర్ మెసేజ్‌లు అసలు కారణాన్ని చెప్పకపోవడమే ఇందులో పెద్ద టెన్షన్. అందుకే కంటికి కనపడే లక్షణం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్దాం. ఇక్కడ చెప్పేదంతా పైథాన్‌లో అందరూ వాడే క్రిప్టోగ్రఫీ లైబ్రరీ గురించి.

ముందుగా ఒక్క మాట. సర్టిఫికెట్ వేరు, పబ్లిక్ కీ వేరు. పబ్లిక్ కీ అంటే సంతకాన్ని సరిచూడటానికి వాడే, ఎవరికైనా ఇవ్వదగ్గ కీ. పట్టాదారు పాస్‌బుక్‌లో సర్వే నంబరు ఉంటుంది, కానీ సర్వే నంబరే పాస్‌బుక్ కాదు కదా. యజమాని పేరు, వివరాలు, అధికారి సంతకం కూడా అందులో ఉంటాయి. అలాగే సర్టిఫికెట్‌లో కీతో పాటు అది ఎవరిది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుంది, దానిమీద సంతకం చేసింది ఎవరు అన్నవీ ఉంటాయి.

కీ లోడ్ చేయబోతే వాల్యూఎర్రర్ వస్తోంది

కోడ్ ముట్టుకోకండి. ముందు ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి లైన్ చదవండి. గీతల మధ్య "బిగిన్ సర్టిఫికెట్" అని ఉంటే మీ చేతిలో ఉన్నది సర్టిఫికెట్, ఇలా అక్షరాల్లో రాసే రూపాన్ని పెమ్ అంటారు. దాన్ని లోడ్_పెమ్_పబ్లిక్_కీ ఫంక్షన్‌కి ఇస్తే తీసుకోదు. లోడ్_పెమ్_ఎక్స్509_సర్టిఫికెట్‌తో లోడ్ చేసి, వచ్చిన ఆబ్జెక్ట్ మీద పబ్లిక్_కీ మెథడ్ పిలవాలి. "బిగిన్ పబ్లిక్ కీ" అని గానీ, "బిగిన్ ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీ" అని గానీ ఉంటే అప్పుడు మొదటి ఫంక్షన్ సరైనదే.

చదవలేని పిచ్చి అక్షరాలు కనిపిస్తే అది డెర్ రూపంలో ఉన్న బైనరీ ఫైల్. లోడ్_డెర్_ఎక్స్509_సర్టిఫికెట్ వాడండి. గీతలు, శీర్షిక ఏమీ లేకుండా నేరుగా ఎం, ఐ, ఐ అనే మూడు పెద్దక్షరాలతో మొదలైతే అదే డెర్‌ని బేస్64లో, అంటే బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతిలో, పంపారన్నమాట. డెర్‌లో సర్టిఫికెట్ సాధారణంగా 30, 82 అనే హెక్స్ బైట్లతో మొదలవుతుంది, ఆ బైట్లే బేస్64లో ఇలా కనిపిస్తాయి. డీకోడ్ చేసి డెర్ ఫంక్షన్‌కే ఇవ్వండి. ఫైల్ పేరు చివర సీఈఆర్ ఉందా, సీఆర్‌టీ ఉందా అన్నది నమ్మకండి. పెమ్, డెర్ రెండు రూపాలకూ రెండు పేర్లూ వాడేస్తున్నారు.

టైప్‌ఎర్రర్ వస్తే కారణం చిన్నది: ఈ ఫంక్షన్లకు కావలసింది బైట్లు, స్ట్రింగ్ కాదు. ఫైల్‌ని బైనరీ మోడ్‌లో తెరిస్తే సరిపోతుంది.

నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది, సర్వర్‌లో చేయదు

సర్వర్‌లో సర్టిఫికెట్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి ఉంటారు. అక్కడ కొత్త లైన్లు పోయి, వాటి బదులు బ్యాక్‌స్లాష్, ఎన్ అనే రెండు అక్షరాలు మిగిలి ఉంటాయి. చదివిన వెంటనే ఆ జంటని నిజమైన కొత్త లైన్‌గా రీప్లేస్ చేయండి. ఇంకా మంచిది, మొత్తం ఫైల్‌ని ఒకే లైన్ బేస్64గా మార్చి పెట్టుకుని, వాడేముందు డీకోడ్ చేసుకోవడం.

ఇన్‌వాలిడ్‌సిగ్నేచర్ అంటుంది, ఇంకో ముక్క చెప్పదు

ఎక్కువ రాత్రులు పోయేది దీని దగ్గరే. ఈ ఎక్సెప్షన్‌కి మెసేజ్ ఖాళీగా ఉంటుంది. లాగ్‌లో ఎక్సెప్షన్ టెక్స్ట్ మాత్రమే రాస్తుంటే ఆ లైన్ బోసిగా కనిపిస్తుంది. కాబట్టి ఎక్సెప్షన్ పేరు కూడా లాగ్ చేయండి.

కీ తప్పేమో అని అందరూ ముందు కీనే అనుమానిస్తారు. నా అనుభవంలో చాలాసార్లు తప్పు డేటాలో ఉంటుంది. సంతకం బైట్ల మీద చేస్తారు, అర్థం మీద కాదు. వచ్చిన జేసన్‌ని (డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) పార్స్ చేసి, మళ్లీ పైథాన్ డంప్స్ ఫంక్షన్‌తో స్ట్రింగ్ చేసి సరిచూస్తే అది వేరే బైట్ల వరుస అయిపోతుంది. పైథాన్ కామా తర్వాత, కోలన్ తర్వాత ఒక్కో ఖాళీ పెడుతుంది. పంపినవాళ్లు పెట్టి ఉండరు.

ఒక బిల్లుల ప్రాజెక్టులో ఆ ఖాళీల సంగతి కనిపెట్టి సరిచేశాం. తర్వాత ఇంగ్లీషు పేర్లున్న బిల్లులన్నీ పాసయ్యాయి, తెలుగులో పేరు రాసినవి మాత్రం ఫెయిలయ్యాయి. కారణం, డంప్స్ మామూలుగా తెలుగు అక్షరాలను అలాగే ఉంచదు. ఒక్కో అక్షరాన్నీ బ్యాక్‌స్లాష్ యూ, దాని వెనక నాలుగు హెక్స్ అంకెలుగా మార్చేస్తుంది. ఎన్స్యూర్_ఆస్కీని ఫాల్స్ చేస్తే ఆ పూటకి గడుస్తుంది గానీ, దాంతో ఆగొద్దు. రేపు దశాంశాల దగ్గర ఇంకో తేడా వస్తుంది. అసలు పరిష్కారం, పార్స్ చేయకముందే వచ్చిన ముడి బైట్ల మీద సరిచూడటం. ఫ్లాస్క్‌లో గెట్_డేటా, జాంగోలో రిక్వెస్ట్ బాడీ అందుకే ఉన్నాయి. సంతకం సరిపోయాకే పార్స్ చేయండి.

డేటా సరిగ్గానే ఉందని తేలితే ప్యాడింగ్, అంటే సంతకం చేసేముందు హ్యాష్‌ని కీ పొడవుకి సరిపోయేలా నింపే పద్ధతి, చూడండి. ఆర్‌ఎస్‌ఏలో పీకేసీఎస్1 వీ1.5 ఒకటి, పీఎస్‌ఎస్ ఒకటి. అవతలివాళ్లు ఒకటి వాడి మనం ఇంకోటి వాడితే ఇదే ఎర్రర్. అడిగి తెలుసుకోండి, ఊహించొద్దు. హ్యాష్ (డేటా నుంచి లెక్కగట్టే చిన్న ముద్ర) రెండుసార్లు జరుగుతోందేమో కూడా చూడండి: వెరిఫై తనే హ్యాష్ చేసుకుంటుంది. ముందే చేసిన హ్యాష్ ఇస్తున్నట్లయితే ప్రీహ్యాష్డ్ అని చెప్పాలి.

కీ పొడవు 2048 బిట్లయితే సంతకం సరిగ్గా 256 బైట్లుండాలి. 344 కనిపిస్తే బేస్64 డీకోడ్ చేయడం మర్చిపోయారు.

చివరిగా, ఫైల్‌లో ఒకటికి మించి సర్టిఫికెట్లు ఉన్నాయేమో లెక్కపెట్టండి. లోడ్ ఫంక్షన్ మొదటిదాన్నే తీసుకుంటుంది. ఎవరైనా వరుస తారుమారు చేసి మధ్యవర్తి సర్టిఫికెట్‌ని పైన పెడితే మీకు దక్కేది జారీ చేసినవాళ్ల కీ. సబ్జెక్ట్ ప్రింట్ చేస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఆరు నెలలు బాగా నడిచి ఒకరోజు ఆగిపోయింది

కీ మారింది. మీ కోడ్‌లో పాతదే అతికించి ఉంది. గూగుల్ యాప్ సేవ అయిన ఫైర్‌బేస్ లాగిన్ టోకెన్లలో ఇది బాగా కనిపిస్తుంది. గూగుల్ అక్కడ సర్టిఫికెట్లను మారుస్తూ ఉంటుంది. టోకెన్ హెడర్‌లో ఉన్న కిడ్ (కీ గుర్తింపు పేరు) చూసి, అదే పేరుతో ఉన్న సర్టిఫికెట్‌ని ఎంచుకోవాలి. తెచ్చుకున్న జాబితాని ఎంతసేపు దాచుకోవచ్చో ఆ జవాబులోనే క్యాష్ కంట్రోల్ హెడర్‌లో మ్యాక్స్ ఏజ్‌గా ఉంటుంది. దాన్నే పాటించండి.

ఆగిపోయిన చోట వచ్చింది టైప్‌ఎర్రర్ అయితే ఆర్‌ఎస్‌ఏ కీ స్థానంలో ఎలిప్టిక్ కర్వ్ కీ వచ్చి ఉంటుంది. వెబ్‌సైట్లకు సర్టిఫికెట్లు తీసే టూల్ సర్ట్‌బాట్‌లో 2.0 నుంచి కొత్తగా తీసే సర్టిఫికెట్లకు ఇదే డిఫాల్ట్. ఈ కీ మీద వెరిఫైకి ప్యాడింగ్ ఉండదు, ఆర్గ్యుమెంట్లు వేరు. కీ రకం ఏదో చూసి దారి మళ్లించండి, మీరు ఒప్పుకోని రకమైతే స్పష్టంగా తిరస్కరించండి.

గడువు ఉండగానే అయిపోయిందంటోంది

సరిగ్గా అయిదున్నర గంటల ముందు నుంచి అంటోందా? సర్టిఫికెట్‌లో గడువు యూటీసీలో ఉంటుంది. పాత నాట్_వ్యాలిడ్_ఆఫ్టర్ దాన్ని టైమ్‌జోన్ లేకుండా ఇస్తుంది. దాన్ని మన గడియారపు టైమ్‌తో పోలిస్తే ఈ తేడా. లైబ్రరీ 42వ వెర్షన్ నుంచి యూటీసీ అని పేరులోనే ఉన్న ప్రాపర్టీ వచ్చింది. దాన్ని వాడి, ఇప్పటి సమయాన్ని కూడా యూటీసీలోనే తీసుకోండి.

ఏ ఎర్రరూ రావడం లేదు

నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. పబ్లిక్_కీ మెథడ్ గడువు చూడదు, ఎవరు జారీ చేశారో చూడదు. ఉన్న కీని తీసి ఇస్తుంది, అంతే. పాస్‌బుక్‌లోంచి సర్వే నంబరు ఎత్తి రాసుకున్నంత మాత్రాన ఆ పాస్‌బుక్ అసలుదని తేలదు కదా. ముఖ్యంగా కొన్ని జేడబ్ల్యూటీల (సంతకం చేసి పంపే జేసన్ టోకెన్లు) హెడర్‌లో ఎక్స్5సీ అనే పేరుతో సర్టిఫికెట్ కూడా వస్తుంది. దాంట్లోంచి కీ తీసి అదే టోకెన్‌ని సరిచూస్తే, ఎవరు ఏ సర్టిఫికెట్ తయారుచేసి పంపినా పాసైపోతుంది.

సర్టిఫికెట్ జారీ వరుస మీరు నమ్మే రూట్ (అన్నిటికీ పైనున్న మూల సర్టిఫికెట్) దాకా చేరుతుందో లేదో ముందు చూడండి. ఒక్క సంస్థతోనే పనైతే, వాళ్ల సర్టిఫికెట్ షా256 ఫింగర్‌ప్రింట్‌ని (ఆ సర్టిఫికెట్ హ్యాష్‌ని) ఫోన్‌లో చదివించుకుని రాసిపెట్టుకోండి, వచ్చినదాన్ని దాంతో పోల్చండి. సర్టిఫికెట్ మారిన ప్రతిసారీ ఈ ఫింగర్‌ప్రింట్ కూడా మారుతుందని వాళ్లకు ముందే చెప్పి, మార్చేముందు కబురు చేయమనండి. జేడబ్ల్యూటీ అయితే ఒప్పుకునే అల్గారిథమ్ పేరు మీ కోడ్‌లోనే రాయండి, టోకెన్ చెప్పింది వినొద్దు.

తర్వాత మీరే ఒక సొంత సంతకపు సర్టిఫికెట్ తయారుచేయండి. అవతలి సంస్థ పేరే సబ్జెక్ట్‌లో పెట్టి, దాని కీతో ఒక మెసేజ్ మీద సంతకం చేసి మీ సర్వర్‌కి పంపండి. అది తిరస్కరించేదాకా ఆ కోడ్‌ని ప్రొడక్షన్‌కి పంపకండి.