ఎస్‌యూవీకి సరిగ్గా సరిపోయే అల్లాయ్ వీల్స్ ఎంచుకోవడం ఎలా?

కిందటేడు దసరాకు ముందు మా క్రెటాకు కొత్త అల్లాయ్స్ వేయించాను. షాపు గోడకు వేలాడదీసిన నల్లటి డిజైన్ చూడగానే నచ్చేసింది. "మీ బండికి పక్కాగా సెట్ అవుతుంది సార్" అన్నాడు కుర్రాడు. నేను ఇంకేమీ అడగలేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 85 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు. చివరికి వేరే చోట ఒక పెద్దాయన చక్రం ఊడదీసి, బండి హబ్‌కీ (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం) రిమ్ము మధ్య రంధ్రానికీ నడుమ ఉన్న సందు చూపించాడు. చుట్టూ మూడేసి మిల్లీమీటర్ల ఖాళీ. అందులో ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ రింగు వేయనే లేదు. రింగులు వేశాక వణుకు పోయింది. కానీ అందరం ఎక్కి, డిక్కీ నిండా సామాను పెడితే వెనక టైరు మడ్‌గార్డ్‌ను ఒరుసుకోవడం మాత్రం ఆగలేదు. దాని కారణం వేరే. అది ముందుకెళ్లాక చెబుతాను.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. డిజైన్ చివర చూడండి, ముందు మీ బండి అంకెలు పట్టుకోండి.

1. మీ బండి అంకెలు కాగితం మీద రాసుకోండి

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ చెప్పిన టైరు సైజు, గాలి ప్రెషర్ అందులో దొరుకుతాయి. మిగతావి పాత రిమ్ము వెనక వైపు పోతపోసి ఉంటాయి. స్టెప్నీ కంపెనీ అల్లాయే అయితే దాన్ని తీసి తిప్పి చూడటం తేలిక. కావాల్సినవి ఇవి: రిమ్ము వ్యాసం, వెడల్పు (17×6.5జె లాగా రాస్తారు), పీసీడీ, మధ్య రంధ్రం కొలత, ఈటీ అనే ఆఫ్‌సెట్, నట్టు మర.

ఉదాహరణకు క్రెటా పీసీడీ 5×114.3. అంటే 5 బోల్టులు, వాటి కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు. హబ్ 67.1, నట్టు ఎం12×1.5 (12 మిల్లీమీటర్ల బోల్టు, మరకూ మరకూ మధ్య దూరం 1.5). ఫార్చ్యూనర్‌కు 6×139.7, హబ్ 106.1. బ్రెజాకు పీసీడీ క్రెటాదే అయినా హబ్ 60.1, నట్టు మర 1.25. కుషాక్, టైగున్‌లకు 5×100. కాబట్టి "ఎస్‌యూవీ అల్లాయ్" అనే సరుకు ఒకటంటూ లేదు.

పీసీడీ ఎక్కడా రాసి లేకపోతే మీరే కొలవొచ్చు. 4 లేదా 6 బోల్టులుంటే ఎదురెదురుగా ఉన్న రెండింటి కేంద్రాల మధ్య దూరమే పీసీడీ. 5 బోల్టులకు సరిగ్గా ఎదురుగా ఏదీ ఉండదు కదా. అందుకని పక్కపక్క బోల్టుల కేంద్రాల మధ్య దూరం కొలిచి 1.7తో గుణించండి. 67.2 వచ్చిందంటే 114.3 అన్నమాట.

ఇక్కడ "దాదాపుగా" అన్న మాటకు చోటు లేదు. 114.3 బండికి 112 రిమ్ము కూడా నట్లు బలవంతంగా బిగిస్తే కూర్చున్నట్టే కనిపిస్తుంది. కానీ నట్టు దాని గుంటలో పూర్తిగా కూర్చోదు, బోల్టు మీద పక్కవాటు ఒత్తిడి పడుతూనే ఉంటుంది. రంధ్రాలు సాగదీసి ఇస్తామన్నా, కొత్తవి వేసి ఇస్తామన్నా ఆ షాపులోంచి బయటికి వచ్చేయండి.

2. మధ్య రంధ్రం, రింగు

బయట దొరికే అల్లాయ్స్ చాలా బండ్లకు సరిపోవాలని మధ్య రంధ్రం పెద్దగా చేస్తారు. 73.1 అనే కొలత ఎక్కువగా కనిపిస్తుంది. 67.1 హబ్ మీద అది పెడితే మా బండికి వచ్చిన ఖాళీయే వస్తుంది. అప్పుడు చక్రాన్ని నట్టనడుమ నిలబెట్టే పని అంతా నట్ల మీద పడుతుంది. బిగింపులో కాస్త తేడా వచ్చినా వణుకే. కాబట్టి లోపల 67.1, బయట 73.1 ఉన్న హబ్ రింగులు నాలుగు అడిగి వేయించుకోండి. రంధ్రం మీ హబ్ కంటే చిన్నదైతే ఆ రిమ్ము మీకు కాదు.

3. ఆఫ్‌సెట్: అసలు పొరపాటు జరిగేది ఇక్కడే

రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యన ఒక గీత ఉందనుకోండి. హబ్‌కు ఆనే ముఖం ఆ గీతకు ఎంత బయటికి ఉందో చెప్పేదే ఈటీ, మిల్లీమీటర్లలో. జర్మన్ మాట ఐన్‌ప్రెస్‌టీఫకు అది పొట్టిపేరు. ఈటీ తగ్గే కొద్దీ చక్రం బయటికి వస్తుంది, పెరిగే కొద్దీ లోపలికి పోతుంది.

లెక్క చేసి చూద్దాం. పాతది 6.5జె, ఈటీ 48 అనుకోండి. కొత్తది 7.5జె, ఈటీ 35. వెడల్పు ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు పెరిగింది. అది 12.7 చొప్పున అటూ ఇటూ పంచుకుంటుంది. ఈటీ 13 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 13 బయటికి జరిగింది. బయటి అంచు 12.7+13, దాదాపు 26 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. లోపలి అంచు ఉన్నచోటే ఉంది. ఆ 26 అంటే మనిషి బొటనవేలి వెడల్పు కంటే ఎక్కువ!

పక్కనుంచి చూస్తే బండి ఠీవిగానే ఉంటుంది. కానీ బరువు పడి వెనక భాగం కిందికి దిగినప్పుడు ఆ 26 మిల్లీమీటర్లే మడ్‌గార్డ్ అంచుకు తగులుతాయి. నాకు జరిగింది ఇదే. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో గర్రుమనే చప్పుడు, ఆగి దిగితే కాలిన రబ్బరు వాసన. ఫోన్ లైటు వేసి చూస్తే మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద వేలెడంత వెడల్పున నున్నగా, మెరుస్తూ ఒక చార. టైరు భుజం మీద కూడా అలాంటిదే ఇంకొకటి. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారు. తిరిగొచ్చేదాకా ఆ టెన్షన్ వదల్లేదు.

చక్రం బయటికి జరిగితే వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, గతుకుల్లో స్టీరింగ్ లాగుతుంది. మరీ లోపలికి పోతే సస్పెన్షన్ స్ట్రట్‌కు తగులుతుంది. కంపెనీ ఈటీకి అటూ ఇటూ 5 మిల్లీమీటర్లు దాటొద్దన్నది నా లెక్క. వెడల్పు కూడా అర అంగుళం కంటే పెంచను. ఈటీ తేడాను స్పేసర్లతో (హబ్‌కూ రిమ్ముకూ నడుమ పెట్టే బిళ్లలు) సర్దుతామంటే ఒప్పుకోకండి. స్పేసర్ వేశాక హబ్ అంచు రిమ్మును పట్టుకోకపోవచ్చు, నట్టుకు దొరికే మరలూ తగ్గిపోవచ్చు.

4. ఎన్ని అంగుళాలు?

రిమ్ము పెరిగితే టైరు గోడ తగ్గాలి. టైరు మొత్తం ఎత్తు మారకూడదు. లెక్క ఇది: రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి, దానికి టైరు గోడ ఎత్తు రెండింతలు కలపాలి. 215/60 ఆర్17కు గోడ, టైరు వెడల్పు 215లో 60 శాతం, అంటే 129 మిల్లీమీటర్లు. మొత్తం ఎత్తు దాదాపు 690. 215/55 ఆర్18 వేస్తే 694, తేడా ఒక శాతం కూడా లేదు. 225/55 ఆర్18 వేస్తే 705 అవుతుంది. అప్పుడు మీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి ఇంతకు ముందుకన్నా 2 శాతం వేగంగా పోతుంటుంది. ఒరుసుకునే అవకాశం కూడా అంతమేర పెరుగుతుంది.

19 అంగుళాలకు పోయి 225/45 వేస్తే ఎత్తు 685, కాగితం మీద బాగానే ఉంది. కానీ గోడ 101 మిల్లీమీటర్లకు పడిపోతుంది. మన ఊళ్లలో ఏ బోర్డూ లేని స్పీడ్ బ్రేకర్లు, వాన నీళ్ల కింద దాగిన గుంతలు తెలిసినవే. ఆ దెబ్బ తీసుకోవడానికి మిగిలింది 101 మిల్లీమీటర్ల రబ్బరే. రిమ్ము అంచు వంగడం, టైరు పక్కన బుడిపె రావడం అక్కడే మొదలవుతాయి. కంపెనీ సైజే మేలు, మరీ మనసైతే ఒక్క అంగుళం. తగ్గించి 16 వేయాలనుకుంటే బ్రేక్ కాలిపర్‌కు (బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) తగలకుండా ఉంటుందో లేదో ముందే చూసుకోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికైతే నాలుగు టైర్ల ఎత్తూ ఒకటే ఉండాలి, లేదంటే గేర్ల మీద భారం పడుతుంది.

5. బరువు మోస్తుందా?

రిమ్ము వెనక గరిష్ఠ లోడ్ కిలోల్లో రాసి ఉంటుంది. అది లేకపోతే కొనకండి. మనుషులు, సామానుతో కలిపి బండి 1,800 కిలోలు అనుకుంటే చక్రానికి సగటున 450. కానీ నిండుగా ఉన్నప్పుడు వెనక ఎక్కువ పడుతుంది, గుంతలో పడితే ఇంకా ఎక్కువ. క్రెటా సైజు బండికి 600 లోపు రిమ్ము నేను తీసుకోను. నిండు బరువు రెండున్నర టన్నులు దాటే ఫార్చ్యూనర్ లాంటి వాటికి ఇంకా ఎక్కువ కావాలి. టైరుకూ ఇదే లెక్క: సైజు పక్కనుండే లోడ్ అంకె 96 అని ఉంటే 710 కిలోలు, 91 అంటే 615. కంపెనీ టైరు మీదున్న అంకెకు తగ్గకండి.

ఐఎస్‌ఐ గుర్తు చూడండి. జపాన్ ప్రమాణాల జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు కొన్నిటి మీద ఉంటాయి. వెల్డింగ్ చేసిన సెకండ్ హ్యాండ్ రిమ్ము ఎంత చవకైనా వద్దు.

6. నట్లు, సెన్సర్లు, స్టెప్నీ

నట్టు కూర్చునే చోటు శంఖాకారంలో ఉందా, గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా చూడాలి. టొయోటా అల్లాయ్స్‌లో చాలావాటికి వాషర్‌తో వచ్చే చదును నట్లు ఉంటాయి. శంఖాకారపు రిమ్ముకు వాటిని వాడకూడదు. కొత్త నట్లు తీసుకుంటే పాతవి ఒక సంచిలో వేసి స్టెప్నీ పక్కనే ఉంచండి. రాత్రిపూట హైవే మీద స్టెప్నీ మార్చేటప్పుడు సరైన నట్లు లేకపోతే చేసేదేమీ ఉండదు. టైర్ ప్రెషర్ సెన్సర్లున్న బండి అయితే వాల్వ్ రంధ్రంలో పాత సెన్సర్ పడుతుందో లేదో డబ్బు కట్టకముందే చూడండి.

7. టైరు ఎక్కించకముందే వేసి చూడండి

ఒకసారి టైరు ఎక్కించాక చాలా షాపులు రిమ్ము వెనక్కి తీసుకోవు. కాబట్టి ఉత్త రిమ్మును ముందువైపు హబ్‌కు, తర్వాత వెనకవైపు హబ్‌కు బిగించి చేత్తో తిప్పించండి. కాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అది సరిపోతే టైరు ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. తర్వాత నలుగురు పెద్దవాళ్లను ఎక్కించుకుని మెల్లగా ఒక స్పీడ్ బ్రేకర్ దాటండి. షాపువాడు విసుక్కున్నా ఇది మానకండి.

నట్లు ఒకదాని తర్వాత పక్కది కాకుండా నక్షత్రం గీసినట్టు బిగించాలి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) చేయాలి. క్రెటాకు 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు. ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే బోల్టు సాగుతుంది. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ చూపించండి.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. టైరు మడ్‌గార్డ్ దాటి బయటికి కనిపించేలా ఉంటే పోలీసులు ఆపొచ్చు. బిల్లు దాచుకుని, మార్చిన విషయం ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. పాత రిమ్ములు అమ్మేయకండి.

నేను అమ్మకపోవడమే మంచిదైంది. ఆ నల్లటి సెట్ తీసేసి మూడు నెలలు పాత వాటి మీదే తిరిగాను. తర్వాత 17 అంగుళాలవే, కంపెనీ ఈటీకి 3 మిల్లీమీటర్లే తేడా ఉన్నవి వెతికి తెచ్చుకున్నాను. సంక్రాంతికి ఐదుగురం, డిక్కీ నిండా సామానుతో ఊరెళ్లి వచ్చాం, ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు.