తలనొప్పి మాత్రలు ఆపేద్దామనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

వారంలో నాలుగు రోజులు తలనొప్పి మాత్ర వేసుకుంటూ, ఇంత మింగినా ఈ నొప్పి వదలదేమిటా అని తల పట్టుకుని కూర్చుంటున్నారంటే, ఆ మాత్రే నొప్పిని తిరిగి తెస్తూ ఉండొచ్చు. విడ్డూరంగా ఉంటుంది కానీ నిజమే, డాక్టర్లకు బాగా తెలిసిన సమస్యే. మైగ్రేనో, టెన్షన్ తలనొప్పో ముందునుంచీ ఉన్నవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది.

ముందు ఒక క్యాలెండర్ తీసుకుని మాత్ర వేసుకున్న ప్రతి రోజూ సున్నా చుట్టండి. ఒక రోజులో ఒకటి మింగినా మూడు మింగినా ఒకే సున్నా, ఎందుకంటే ఇక్కడ లెక్క రోజులది. ఒట్టి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివైతే నెలకు 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్ (రెండూ మైగ్రేన్ మందులు), కోడీన్ (నల్లమందు జాతి నొప్పి మందు) అయితే 10 రోజులే, అలా మూడు నెలలు దాటిందంటే అనుమానించాల్సిందే. మీరు వేసుకునేది ఏ రకమో షీటు వెనక చదవండి, బ్రాండ్ పేరు చూసి చెప్పలేం.

ఎవరికి వారు ఆపేయకూడని మందులూ ఉన్నాయి. కోడీన్, ఆ జాతిదే అయిన ట్రమడాల్, నిద్రమాత్రలు అలవాటైనవాళ్లు ఠక్కున మానితే ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. గుండె కోసం రోజూ వేసుకునే తక్కువ మోతాదు ఆస్పిరిన్ జోలికి అసలు వెళ్లొద్దు.

మిగతావి చాలావరకు ఒక్కసారిగా ఆపొచ్చు, అయినా ఒకసారి డాక్టరుతో మాట్లాడే మొదలుపెట్టండి, మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందు అవసరమేమో కూడా అప్పుడే తేలుతుంది. అసలు కష్టం ఆపాకే. రెండు నుంచి పది రోజుల దాకా నొప్పి ఇంకా పెరుగుతుంది, వికారం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, అన్నీ కలిసి వస్తాయి, మూడో రోజుకల్లా "మానేశాక ఎక్కువైంది, అంటే ఆ మాత్రే నాకు మందు" అనిపిస్తుంది, చాలామంది ఓడిపోయేది ఇక్కడే. అందుకే పరీక్షలూ ప్రయాణాలూ లేని వారం చూసుకోండి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, హ్యాండ్‌బ్యాగులో, ఆఫీసు డ్రాయర్లో, దిండు కింద దాచిన షీట్లన్నీ తీసేయండి (ఎన్ని దొరుకుతాయో చూస్తే మీకే నవ్వొస్తుంది). ఒక మాత్ర బదులు ఇంకో నొప్పి మాత్రకు మారితే మళ్లీ మొదటికే. కాఫీ కూడా అదే రోజు మానేయకండి, కెఫీన్ ఆగినా తల నొప్పే.

పూర్తిగా తేలికపడడానికి కొందరికి రెండు నెలలు పడుతుంది. ఈలోగా ఏ తలనొప్పి వచ్చినా దీని ఖాతాలో వేయకండి: పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే తీవ్రమైన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలాక వచ్చే నొప్పి, వీటికి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తగ్గాక క్యాలెండర్ పారేయొద్దు, మొదటి ఏడాదిలో మళ్లీ పాత అలవాటుకు జారేవాళ్లు తక్కువేం కాదు. మాత్ర వేసుకునే రోజులు వారానికి రెండు దాటకుండా చూసుకోండి, మూడో సున్నా కనబడిన వారం డాక్టరుకు ఫోన్ చేయండి.