బడిలో కథల సాయంత్రం: చదవడం రాని అమ్మానాన్నలకూ పని ఉండేలా

ప్రాథమిక పాఠశాలకు తల్లిదండ్రులను పిలిచి పుస్తకాల సాయంత్రం పెడితే చాలాచోట్ల అది సభగా మారిపోతుంది. ముందు వరసలో కుర్చీలు, నలుగురి ప్రసంగాలు, కింద పిల్లల అల్లరి, చివర్లో ఫొటో. పుస్తకం ఎవరి చేతికీ రాదు. రెండోసారి పిలిస్తే సగం మంది కూడా రారు. అందుకే మొదటే ఒక నియమం పెట్టుకోండి: వచ్చిన పెద్దవాళ్లలో ప్రతి ఒక్కరికీ చేతిలో ఒక పని ఉండాలి, ఆ పని అక్షరం రానివాళ్లు కూడా చేయగలిగేదై ఉండాలి. మైకు, వేదిక అసలు వద్దు.

రోజు ఎంచుకోవడంలోనే సగం గెలుపోటములు తేలిపోతాయి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా అని అప్పుడే పెట్టాలనిపిస్తుంది. వరి కోతలు, పత్తితీతలు ఉన్న ఊళ్లో ఆ వారం ఎవరికీ తీరిక ఉండదు. పనుల ఒత్తిడి తగ్గిన వారం చూసుకోండి, సంత రోజు తప్పించండి. సాయంత్రం 6:30కి మొదలుపెట్టి 7:45కల్లా ముగించాలి. ఇంకా సాగితే రాత్రి వంట చేయాల్సిన తల్లులు మధ్యలోనే లేచిపోతారు.

పిలుపు చీటీ పిల్లల చేతే రాయించండి. అయితే చీటీ ఒక్కటే చాలదు, చదవలేనివాళ్లకు అది జేబులోనే ఉండిపోతుంది. వాట్సాప్‌లో అర నిమిషం మాట రికార్డు చేసి పంపండి, మహిళా సంఘం సమావేశంలో ఒకసారి చెప్పించండి. ‘నానమ్మ వచ్చినా, తాతయ్య వచ్చినా సరే’ అన్న ముక్క మరిచిపోవద్దు. పల్లెల్లో చాలామంది పిల్లలు పెరిగేది వాళ్ల దగ్గరే. బడి కమిటీ సభ్యులకు చాపలు, ఛార్జింగ్ లైట్లు, మంచినీళ్లు అప్పగించండి. కరెంటు పోతే ఆ రోజు ఆగిపోకూడదు.

ఇరవై కుటుంబాలకు కనీసం నలభై పుస్తకాలు ఉండాలి. బడి బీరువాలో చాలకపోతే పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ముద్రించుకోవచ్చు. అక్కడ కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి: ఒకటో స్థాయిలో 250 పదాల వరకు, రెండో స్థాయిలో 600 వరకు, మూడో స్థాయిలో 1500 వరకు, నాలుగో స్థాయిలో అంతకు మించి. ఆ అంకెల్ని గుడ్డిగా నమ్మకండి. తెలుగులో కష్టం పదాల సంఖ్య కంటే ఒత్తుల్లో, అతుక్కుపోయిన పొడుగు మాటల్లో ఎక్కువ. ఒక పేజీ బిడ్డతో చదివించి చూడండి. నాలుగైదు మాటల దగ్గర తడబడితే ఆ పుస్తకం పెద్దవాళ్లు చదివి వినిపించడానికి ఉంచి, బిడ్డకు కింది స్థాయిది ఇవ్వండి.

చిన్న పుస్తకంలా మడవాలంటే 16 పేజీల కథకు రెండువైపులా ముద్రించిన ఏ4 కాగితాలు నాలుగు చాలు. మామూలు స్టాప్లర్ మడత దాకా అందదు. కింద థర్మోకోల్ ముక్క పెట్టి, స్టాప్లర్‌ను తెరిచి మడత మీద గుచ్చి, పిన్నులను వెనక చేత్తో వంచాలి. సూదీదారంతో మూడు కుట్లు వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. నలుపు తెలుపులో ముద్రిస్తే ముదురు రంగు బొమ్మలు మసిగుడ్డలా వస్తాయి కాబట్టి ముందు ఒక్క పేజీ తీసి చూడండి.

ఇక ఆ 75 నిమిషాలు. మొదటి పది నిమిషాలు వచ్చినవాళ్లు కూర్చోవడానికే పోతాయి. తర్వాత ఒక టీచరు పది నిమిషాల్లో ఒక కథ చదివి వినిపించాలి. యాభై మంది కూర్చుంటే వెనకవాళ్లకు చిన్న పుస్తకంలో బొమ్మ కనబడదు. అందుకని బొమ్మల మీద ఆధారపడని కథ, అందరూ కలిసి అనే పల్లవి ఉన్న కథ తీసుకోండి. ఆపైన మూడు మూలలు, ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు, గంట కొట్టగానే మారాలి.

మొదటి మూలలో మాటల్లేని బొమ్మల పుస్తకాలు. అమ్మో నాన్నో బొమ్మలు చూసి కథ చెబుతారు. తండాల్లో, గూడేల్లో ఇంటి భాషలోనే చెప్పమనండి, తెలుగులోకి మార్చమని అడగొద్దు. రెండో మూలలో పెద్దలు సామెతో పొడుపు కథో చెబితే పిల్లలు రాసుకోవాలి. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అని మీరే ఒకటి విసిరితే చాలు (కనురెప్పలు!), ఆ తర్వాత నానమ్మల్ని ఆపడం కష్టం. ఈ మూలకు పన్నెండు నిమిషాలు చాలకపోతే పొడిగించి మూడోదాన్ని కుదించండి. మూడోది బిస్కట్ పొట్లాలు, విత్తనాల సంచులు, బస్సు బోర్డుల ఫొటోల్లో తెలిసిన అక్షరాలు వెతికే ఆట.

మిగిలిన సమయం ఇంటికి పుస్తకం ఎంచుకోవడానికి. శనగ గుగ్గిళ్లు అప్పుడే పంచండి, మొదట్లో పంచితే నూనె చేతులు పుస్తకాలకు అంటుతాయి. యాభై మందికి రెండున్నర కిలోల ఎండు శనగలు నానబెడితే సరిపోతాయి.

ఈ సాయంత్రం రెండు మూడు నెలలకోసారి. మధ్యలో చదువు నిలవాలంటే వారానికోసారి పిల్లల పుస్తక బృందం నడవాలి. మూడు నుంచి ఐదో తరగతి వరకు, ఆరుగురి నుంచి ఎనిమిది మంది, నలభై నిమిషాలు. ఎనిమిది దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు గోడలు చూస్తారు. ఒకే పుస్తకం ఇద్దరికి ఒక ప్రతి చొప్పున ఉండాలి. మొదటి వారం అట్ట చూసి ఊహించడం, రెండోవారం సగం చదివి ఆగి ‘తర్వాత ఏమవుతుంది?’ అనడం, మూడోవారం పూర్తి చేసి వాదించుకోవడం, నాలుగోవారం ముగింపు మార్చి ఆడి చూపడం.

‘ఈ కథలో నీతి ఏమిటి?’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే పిల్లలకు పరీక్ష గుర్తొస్తుంది, అందరూ ఒకే జవాబు చెప్పి ఊరుకుంటారు. ‘వాడు చేసింది నీకు నచ్చిందా? నువ్వైతే ఏం చేసేదానివి?’ అనండి. గబగబా చదివేవాళ్లే అంతా మాట్లాడేస్తుంటే తలా మూడు చింతగింజలు ఇవ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి గిన్నెలో వేయాలి, అయిపోతే వినాలి. మౌనంగా ఉండే బిడ్డ కూడా గింజలు ఖర్చు పెట్టుకోవాలనే తాపత్రయంలో నోరు విప్పుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు బీరువా తాళం. పుస్తకాలు స్టాక్ రిజిస్టర్‌లో ఉంటాయి, పోతే తమ మీదికి వస్తుందని టీచర్లకు భయం, అందుకే కొత్త పుస్తకాలు కొత్తగానే ముసలివైపోతాయి. ఇంటికిచ్చే పుస్తకాలకు వేరే నోటుబుక్కు పెట్టి, ఐదో తరగతి పిల్లలిద్దరికి అప్పగించండి: పుస్తకం పేరు, బిడ్డ పేరు, ఇచ్చిన తేదీ, తెచ్చిన తేదీ. చిరిగినా పోయినా జరిమానా వేయొద్దు. వేసిన మర్నాటి నుంచి పేదింటి పిల్లలు పుస్తకం అడగడం మానేస్తారు. కొన్ని పుస్తకాలు చిరుగుతాయని, పోతాయని కమిటీ సమావేశంలో ముందే ఒప్పుకొని తీర్మానం రాయించండి. సంతకాలు పడ్డాక తాళం తీయడానికి టీచరుకూ ధైర్యం వస్తుంది.